ఐదు చోట్లు చూపిస్తామంటే ఆగి అడుగు

హనుమకొండ

చిరంజీవి చిట్టికి,


నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు టూర్ల వివరాలూ చదివాను. డిసెంబరులో మీ అమ్మానాన్నలూ మీ అత్తమ్మా హైదరాబాద్ వస్తున్నారనీ, ఒక రోజు వాళ్లకు ఏదైనా పాత గుడో కోటో చూపించాలనీ, ఈ మూడింట్లో ఏది మేలో చెప్పమనీ అడిగావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. పైగా నీ ఆఫీసులో నలుగురు రేపు ఇదే ప్రశ్న నిన్ను అడుగుతారు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు గడియారం లెక్క చూడు. మొదటి టూరులో వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి, వరంగల్ కోట, రామప్ప, లక్నవరం అని ఐదు పేర్లు రాశారు. ఉదయం ఆరింటికి బయల్దేరి రాత్రి పదింటికి దింపుతారట. పదహారు గంటలంటే చాలానే అనిపిస్తుంది. కానీ హైదరాబాద్ నుంచి హనుమకొండకే ఇంచుమించు 150 కిలోమీటర్లు. ఇక్కడి నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేట మరో 65, 70. లక్నవరం అక్కడి నుంచి ఇంకా లోపలికి. పోనూ రానూ 450 కిలోమీటర్లకు పైనే అవుతుంది. మన రోడ్ల మీద, ఊళ్ల మధ్య నుంచి టెంపో ట్రావెలర్ ఎంత బాగా నడిపినా తొమ్మిది పది గంటలు బండిలోనే గడుస్తాయి. టిఫిను, భోజనం, టీ కలిపి రెండు గంటలు తీసెయ్. మిగిలిన నాలుగైదు గంటల్లో ఐదు చోట్లు చూడాలి. అందులోనే బండి ఆపుకోవాలి, చెప్పులు విడవాలి, టికెట్లు కొనాలి, తప్పిపోయినవాళ్లను వెతకాలి. పెళ్లి భోజనంలో ఇరవై రకాలు వడ్డించి ఐదు నిమిషాల్లో విస్తళ్లు ఎత్తేస్తే ఎలా ఉంటుందో ఈ టూరూ అలాగే ఉంటుంది.

కాబట్టి ఏ కరపత్రం చూసినా ఊళ్ల పేర్లు లెక్కపెట్టకు. ఒక్కో చోట ఎంతసేపు ఆగుతారో అడుగు. ఆ సంగతి రాసి పంపమను. రాయడానికి వెనకాడే టూరుకు డబ్బు కట్టకు. రామప్పలాంటి చోటికి గంటన్నరైనా లేకపోతే వెళ్లడం దండగ.

రెండో సంగతి గైడు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. బండిలో తలలు లెక్కపెట్టి, మైకులో భోజనం టైము చెప్పే కుర్రాడు టూర్ మేనేజర్. అతను పనిమంతుడే కావచ్చు గానీ గైడు కాడు. 'గైడుతో సహా' అని రాసినప్పుడు ఆ గైడు ఎవరు, బండిలో వెంట వస్తాడా, గుడి దగ్గర కలుస్తాడా, పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉందా, ఏ భాషలో చెబుతాడు అని అడగాలి. చివరి ప్రశ్న మీ వాళ్లకు మరీ ముఖ్యం. మూడో టూరు తీసుకెళ్లే బీదర్‌లో దొరికే గైడులు ఎక్కువగా హిందీలోనో కన్నడంలోనో చెబుతారు. నీకు ఫరవాలేదు. మీ అమ్మకు ఒక్క ముక్క అర్థం కాకపోతే ఆ రోజంతా ఆమె గోడలు చూసి వస్తుంది.

మంచి గైడును గుర్తుపట్టడానికి నా దగ్గర ఒక పద్ధతి ఉంది. వరంగల్ టూరైతే, డబ్బు కట్టేముందు ఫోన్లో అతన్ని ఒక ప్రశ్న అడుగు: "కోటలో ఖుష్ మహల్ ఎవరు కట్టించారండీ?" సితాబ్ ఖాన్ అని స్థానికంగా చెప్పుకుంటారు. కట్టడం తీరు చూసి, 1323లో ఓరుగల్లు పడిపోయిన తరువాతి తుగ్లక్ కాలానిదని చెప్పే పండితులూ ఉన్నారు. ఆ రెండు మాటలూ చెప్పి, ఏది ఎందుకు అంటున్నారో వివరించే మనిషి దొరికితే కళ్లు మూసుకుని టికెట్టు కొను. ఒకే జవాబు గట్టిగా చెప్పేసి, దానికో ప్రేమకథ అతికించేవాడైతే ఇంకొకరిని చూసుకో.

కథలు చెప్పకూడదని కాదు నా ఉద్దేశం. రామప్ప అనే శిల్పి పేరు మీదే గుడికి ఆ పేరు వచ్చిందన్న మాట తరతరాలుగా ఉంది. చెప్పవలసిందే. అయితే గుడి ఆవరణలోనే ఉన్న శాసనం ఏం చెబుతోందో కూడా చెప్పాలి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ రుద్రేశ్వరాలయాన్ని ప్రతిష్ఠించాడు. 'అంటారు' ఎక్కడ ముగిసి 'శాసనంలో ఉంది' ఎక్కడ మొదలవుతుందో తేల్చి చెప్పడమే గైడు పని. మిగతాదంతా మాటకారితనం.

రామప్పలో చాలామంది గైడులు ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న మదనిక శిల్పం దగ్గర నిలబెట్టి నవ్విస్తారు. నీళ్లలో తేలే ఇటుకల సంగతి చెప్పి ఆశ్చర్యపరుస్తారు. అక్కడితో ఆపేస్తే నువ్వు అడుగు: ఆ ఇటుకలు అంత తేలిగ్గా ఎందుకు చేశారు? శిఖరం బరువు తగ్గించడానికి. పునాది గుంతను ఇసుకతో ఎందుకు నింపారు? నేల కదిలినా ఆ కుదుపు పైకి రాకుండా ఉండటానికి. గుడి గోడలకు ఎర్ర ఇసుకరాయి, లోపలి స్తంభాలకూ చూరు కింది మదనికలకూ నల్లరాయి ఎందుకు వాడారు? నల్లరాయి గట్టిది, నునుపు తేలుతుంది, వెంట్రుకంత సన్నని చెక్కడానికీ నిలుస్తుంది. 2021లో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు శిల్పాలతోపాటు ఈ కట్టడపు తెలివినీ లెక్కలోకి తీసుకుంది. ఇంకొక మాట. పక్కనే ఉన్న రామప్ప చెరువుకు తీసుకెళ్లని టూరు సగం టూరే. కాకతీయుల కాలంలో గుడి, చెరువు, ఊరు కలిసి పుట్టేవి. ఆ చెరువు కింద ఇప్పటికీ పొలాలు పండుతున్నాయి. కట్ట మీద పావుగంట నిలబడితే, అడవి అంచున అంత పెద్ద గుడి ఎలా నిలదొక్కుకుందో మీ నాన్నకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన వ్యవసాయదారుడు, చూడగానే పట్టుకుంటాడు.

ఇక రెండో టూరు. సాగర్ డ్యాం, నాగార్జునకొండ, బుద్ధవనం, ఎత్తిపోతల. ఇందులో అసలు విలువ నాగార్జునకొండది. మిగతావి దారిలో కలిసొచ్చేవి. దీనికి మొదట ఏ వారమో చూసుకోవాలి. కొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు. తరువాత లాంచీ. విజయపురి సౌత్ నుంచి పోవడానికే గంటకు అటూ ఇటూగా పడుతుంది. అది ఎంతసేపు ఆగితే అంతే మీకు దక్కే సమయం. గాలి, నీటిమట్టం చూసి నడుపుతారు గనక నడవని రోజులూ ఉంటాయి. అలాంటి రోజు డబ్బు వెనక్కి ఇస్తారా, లేక డ్యాం చూపించి 'ఇదే నాగార్జునసాగర్' అని సర్దేస్తారా? అది ముందే తేల్చుకో. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చి, వేయించిన తరువాతే లాంచీ కదలాలి. జాకెట్ బరువుగా ఉందని మీ అత్తమ్మ అన్నా ఊరుకోవద్దు.

అక్కడ గైడు మొదట చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇప్పుడు దీవిగా మిగిలిన ఆ కొండ మీద కనబడేవాటిలో చాలావరకు అక్కడే పుట్టినవి కావు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ మొత్తం ఇప్పుడు నీటి అడుగున ఉంది. డ్యాముకు 1955లో శంకుస్థాపన జరిగింది. 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవాళ్లు ఆ లోయను తవ్వి, ముఖ్యమైన కట్టడాలను విప్పి తెచ్చి కొండ మీదా, అనుపు అనే చోటా తిరిగి నిలబెట్టారు. ఈ సంగతి తెలియకుండా చూస్తే నాలుగు ఇటుక దిబ్బలు కనబడతాయి. తెలిసి చూస్తే ఒక ఊరిని భుజాన వేసుకుని కొండెక్కిన మనుషులు కనబడతారు. ఇంకొకటి కూడా మీ అమ్మకు చెప్పించు. అక్కడి మహాచైత్యానికి పెద్ద దాత ఒక స్త్రీ. రాజు చాంతమూలుని తోబుట్టువు చాంతిసిరి. ఆ కాలపు ప్రాకృత శాసనాల్లో రాజుల దానాలకంటే రాణుల, ఆడపడుచుల దానాలే ఎక్కువగా కళ్లబడతాయి. మ్యూజియంలో ఆ రాతలు చూపించమని అడుగు.

మూడోది బీదర్. మొదటిదానికి రెట్టింపు ధర, పన్నెండుమందికి మించి తీసుకోబోమన్నారు, ఒకే ఊరు. నీకు ఇదే ఖరీదుగా తోచిందన్నావు. నాకు ఇదే చవకగా తోచింది. జహీరాబాద్ మీదుగా మూడు గంటల దారి. ఉదయం ఆరింటికి కదిలితే సాయంత్రం దాకా ఐదారు గంటలు ఊళ్లోనే ఉండొచ్చు. కోట, మహమూద్ గవాన్ మదరసా, అష్టూరు సమాధులు, సాయంత్రం బిద్రీ పనివాళ్ల వీధి. ఇవన్నీ దగ్గర దగ్గరగా, ఒకే కథలోని అధ్యాయాల్లా ఉంటాయి. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చి బహమనీ సుల్తానులకు మంత్రి అయిన గవాన్ 1472లో ఆ మదరసా కట్టించాడు. 1481లో శత్రువులు సృష్టించిన దొంగ ఉత్తరం నమ్మి సుల్తానే అతన్ని చంపించాడు. ముందు గోడ మీద మిగిలిన రంగు పలకల ముందు నిలబడి ఈ కథ వింటే మీ అత్తమ్మకు సీరియల్ గుర్తుకురాదు.

బీదర్‌కు వెళ్తే మూడు జాగ్రత్తలు. కోటలో రంగీన్ మహల్ గదికి తరచుగా తాళం వేసి ఉంటుంది. నల్లరాతిలో ముత్యపుచిప్ప పొదిగిన పని ఆ లోపలే ఉంది. సిబ్బందిని అడిగి తెరిపించే పూచీ టూరువాళ్లదేనని ముందే అనిపించుకో. రెండోది, బిద్రీ దుకాణం. యశదంలో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, వెండి తీగ పొదిగి, చివర కోట మట్టితో నలుపు తేలుస్తారు. ఆ పని జరిగే చోటికి తీసుకెళ్తే అది విద్య. కమీషన్ వచ్చే షోరూములో గంట కూర్చోబెడితే అది మీ సమయం మీద వ్యాపారం. మూడోది, బండి. పసుపు నంబర్ ప్లేటు ఉండాలి, కర్ణాటకలోకి వెళ్లే పర్మిట్టు ఉండాలి. లేకపోతే సరిహద్దులో మీరంతా బండి దిగి నిలబడాల్సి వస్తుంది.

మీ అత్తమ్మ మోకాళ్ల సంగతి మరచిపోలేదు. భువనగిరి కోట దగ్గరే కదా అని ఎవరైనా అంటే వద్దను. అది ఏకశిల, మెట్లెక్కాలి. రామప్పలో ఎక్కుడు తక్కువే గానీ గుడి ఎత్తైన అరుగు మీద ఉంటుంది, చెప్పులు విడిచి నడవాలి. మధ్యాహ్నం రాళ్లు కాలతాయి, పొద్దున్నే చేరాలి. ఈ మూడు టూర్లూ కాదనుకుంటే మెదక్ చర్చి ఆమెకు సుఖంగా ఉంటుంది. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు, ఎక్కేది పెద్దగా లేదు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన కట్టడం. అయితే దాని రంగుటద్దాల కిటికీలు బయటి వెలుగుతోనే వెలుగుతాయి. చీకటిపడ్డాక చేర్చే టూరుకు వెళ్తే లోపలి నుంచి నల్లగా కనబడతాయి. పైగా క్రిస్మస్ వారంలో ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ వారం వదిలెయ్.

ఇవి కాక ప్రతి టూరుకూ అడగవలసిన చిన్న ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ప్రవేశ రుసుములు, లాంచీ టికెట్టు ధరలో కలిసి ఉన్నాయా? దారిలో ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడెక్కడ? చాలినంతమంది రాకపోతే టూరు రద్దు చేస్తారా, ఎన్నాళ్ల ముందు చెబుతారు? రాత్రి ఎక్కడ దింపుతారు, ఎక్కిన చోటేనా? అడ్వాన్సు కట్టాక రసీదు ఇస్తారా? విసుక్కోకుండా జవాబిచ్చేవాళ్లు దారిలోనూ విసుక్కోరు.

నా తీర్పు ఇది. మొదటి టూరు వద్దు. రెండోది శుక్రవారం కాని రోజున, లాంచీ లేకపోతే డబ్బు వాపసు అని రాసిస్తేనే. గైడు తెలుగులో చెప్పేటట్టయితే డిసెంబరుకు బీదర్ ఖాయం చేసుకో. రామప్పకు మాత్రం ఏ టూరూ అక్కర్లేదు. సికింద్రాబాద్‌లో రైలెక్కి కాజీపేటలో దిగండి, రాత్రికి మా ఇంట్లో పడుకోండి. పొద్దున్నే కారులో బయల్దేరి ఎండెక్కకముందే గుడి చేరదాం. శాసనాలు చదవగలిగిన గైడును నేను మాట్లాడి ఉంచుతాను.

చివరిగా ఒక మాట. భోజనం దగ్గరా బండి దగ్గరా బేరమాడు, నాకు అభ్యంతరం లేదు. గైడు రుసుము దగ్గర మాత్రం ఆడకు. బాగా చదివి బాగా చెప్పేవాళ్లకు ఆ పనితో ఇల్లు గడవకపోతే, రేపు మీ పిల్లలకు మైకు పట్టుకుని తలలు లెక్కపెట్టేవాళ్లే మిగులుతారు.

అమ్మకూ నాన్నకూ నా మాటగా చెప్పు. ఏ తేదీ అనుకున్నారో వెంటనే రాయి.

ఇట్లు,
మీ మామయ్య