కథ చివర ఆ అమ్మాయికి ఏం దక్కింది?

అమ్మాయికి పుస్తకం కొనేటప్పుడు బొమ్మలు చూస్తాం, భాష చూస్తాం, ఏ వయసు పిల్లలకో చూస్తాం. ఇంకొకటి కూడా చూడండి: ఆ కథలో ఏం చేసిన పిల్లకు మెప్పు దక్కింది? ఏం చేసిన పిల్లకు కష్టం వచ్చింది?

ఉదాహరణకు, పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ భాషలో ఆడపిల్లల కోసమే నవలలు వచ్చేవి. చాలావాటిని రాసింది స్త్రీలే. జర్మనీలోని ప్రష్యాలో విశ్వవిద్యాలయాలు ఆడవాళ్లను విద్యార్థినులుగా పూర్తిగా చేర్చుకున్నది 1908లో. అంతకుముందు చదువుకున్న స్త్రీకి పరువుగా సంపాదించే దారులు కొన్నే. పిల్లల కోసం రాయడం వాటిలో ఒకటి.

ఎమ్మీ ఫాన్ రోడెన్ నవల ‘డేర్ ట్రోట్స్‌కోప్ఫ్’ 1885లో, ఆమె కన్నుమూశాక వెలువడింది. అందులో ఇల్జె పెంకిపిల్ల. దారికి తేవాలని హాస్టల్ బడికి పంపుతారు. మొండిపట్టుతో కాబోయే భర్తను పోగొట్టుకున్న ఒక అమ్మాయి కథను అక్కడి టీచరు ఆమెకు చెబుతుంది. ఇల్జె మెత్తబడుతుంది, చివరికి పెళ్లి కుదురుతుంది. అణకువకు బహుమతి పెళ్లి.

స్విట్జర్లాండ్ రచయిత్రి యోహన్నా స్పీరి 1880–81లో వెలువరించిన ‘హైడీ’ది మరో దారి. కొండల్లో తాత దగ్గర పెరిగిన హైడీ, ఫ్రాంక్‌ఫర్ట్‌లో కలవారింట్లో ఆ కొండల మీద బెంగతో చిక్కిపోతుంది. ఆమెను ఇంటికి పంపమంటాడు డాక్టరు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో నేర్చిన చదువుతో ఊరికొచ్చి, మేకలు కాసే పేటర్ వాళ్ల చూపులేని అవ్వకు భక్తిగీతాలు చదివి వినిపిస్తుంది, పేటర్‌కు అక్షరాలు నేర్పుతుంది. మనుషులకు దూరంగా బతికిన తాతే ఆమె వల్ల మారతాడు.

ఇలాంటి పాత పుస్తకాలను దాచేయకండి. పక్కన కూర్చుని చదవండి. “ఇల్జె ఎందుకు మొండికేసింది? నువ్వైతే ఏం చేసేదానివి?” అని అడగండి. జవాబు మీకు నచ్చకపోయినా వెంటనే దిద్దకండి, అలా ఎందుకు అనిపించిందో చెప్పనివ్వండి. “చూడు, ఆ పిల్ల ఎంత బుద్ధిమంతురాలో” అని కథను బెత్తంలా వాడితే, పిల్ల పుస్తకానికే దూరమవుతుంది.

‘హైడీ’ని మీ అబ్బాయికీ చదివి వినిపించండి. ఆడపిల్లకు బెంగ ఉంటుందనీ, పట్టుదల ఉంటుందనీ, ఆమె దగ్గర తానూ నేర్చుకోవచ్చనీ అతనికి చిన్నప్పుడే తెలియాలి.