తాంబూలానికి ముందు ఒక మాట

కోలారు జిల్లాలో మా క్యాసంబళ్ళి చుట్టుపక్కల సంబంధాలు మాట్లాడే ఇళ్ళలో నేను చాలాకాలంగా పెద్దమనిషిగా కూర్చుంటున్నాను. పిల్లలు ఎదిగిన తల్లిదండ్రులకు ఈ మాటలు.

1. పిల్లను చూడబోయి రాగి చేను, బోరు నీళ్ళు, పాడి ఆవులు చూసి వచ్చేస్తాం. అవీ చూడాల్సిందే. పిల్లతో రెండు మాటలు మాట్లాడకుండా మాత్రం లేవకండి.

2. మేనరికం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. మా పక్క అక్కకూతుర్ని చేసుకోవడం పాత ఆచారం. ఆచారం ఉన్నచోట 1955 హిందూ వివాహ చట్టమూ దాన్ని ఒప్పుకుంటుంది. పిల్ల సుఖపడిన ఇళ్ళు నాకు తెలుసు, ఎందుకంటే అక్కడ అత్తగారు సొంత అవ్వే. అయితే మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగో వంతు ఒకటే. తరతరాలుగా అదే ఇంట ఇచ్చిపుచ్చుకుంటే పుట్టు చెవుడు లాంటివి వచ్చే అవకాశం పెరుగుతుంది. తాంబూలాలకు ముందే డాక్టరును అడగండి. నన్ను ఇంతకంటే బాధపెట్టేది ఇంకొకటుంది. ఉయ్యాలలో ఉన్నప్పుడే "వీడే నీ మొగుడు" అనేస్తారు. పెరిగాక ఆ పిల్ల కాదంటే తల్లికీ తమ్ముడికీ మాటలు ఆగిపోతాయి. ఆ భయంతోనే చాలామంది నోరు మెదపరు.

3. అమెరికాలోని సియూ జాతుల్లో ఒకటైన లకోటా వాళ్ళ పాత పద్ధతి నాకు చాలా నచ్చింది. పిల్లవాడు పిల్ల గుడారం దగ్గరికి వచ్చి నిలబడేవాడు. ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకొని మాట్లాడుకునేవాళ్ళు. అందరి కళ్ళ ఎదుటే, కానీ మాటలు ఆ ఇద్దరివే. నచ్చిన పిల్ల కోసం వేణువు ఊదేవాళ్ళు. పిల్ల ఇంటికి గుర్రాలు ఇచ్చేవాళ్ళు. మన కులాలు చాలావాటిలోనూ ఒకప్పుడు ఓలి, అంటే కన్యాశుల్కం, ఇచ్చింది మగపెళ్ళివారే. కట్నం తర్వాత పట్టుకున్న జబ్బు, 1961లో కట్నాన్ని నిషేధించే చట్టం వచ్చినా వదల్లేదు.

4. మొదటి చూపు ఇంట్లో వద్దు. ఆవని జాతరలోనో, కమ్మసంద్ర కోటిలింగేశ్వరుడి గుడిలోనో రెండు కుటుంబాలూ కలిసినట్టు కలవండి. కుదరకపోయినా పిల్లను ఎవరో చూసి వద్దన్నారన్న మాట ఊళ్ళో పుట్టదు.

5. ఉద్యోగానికి పిల్లనివ్వకండి. ఒకప్పుడు కోలారు బంగారు గనిలో ఉద్యోగం అంటే చాలు, ఇంకేమీ అడగకుండా తాంబూలాలు పుచ్చుకునేవాళ్ళు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. తెల్లారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోయి, రాత్రికి తిరిగొచ్చే బతుకులయ్యాయి. ఆ కష్టంలో మిగిలింది మనిషి గుణం ఒక్కటే.

6. పిల్లకు 18, పిల్లవాడికి 21 నిండాలని 1978 నుంచీ చట్టం ఉంది. దాటాక కూడా, చదువు ముగిసేదాకా ఆగండి.

7. పిల్ల ఇష్టాన్ని అందరి ముందు అడగొద్దు. పిన్నమ్మో, పెళ్ళైన అక్కో పెరట్లోకి తీసుకెళ్ళి అడగాలి. కాదంటే ఆ మాట మోసుకుపోయే బరువు మధ్యవర్తిది. నేనైతే జాతకాలు కుదరలేదని చెప్పేస్తాను. అవతలివాళ్ళకూ అర్థమవుతుంది, మళ్ళీ జాతరలో ఎదురుపడినప్పుడు పలకరించుకుంటారు.