మూలుగను గూర్చి నెత్తురు చెప్పు సాక్ష్యము

మన శరీరమున ఎర్రకణములు, తెల్లకణములు, ప్లేట్‌లెట్లు పుట్టుచోటు ఎముకలలోని మూలుగ. రొమ్ము, ప్రోస్టేటు, ఊపిరితిత్తి మున్నగు అవయవములలో పుట్టిన క్యాన్సరు కణములు రక్తముతోపాటు వచ్చి అచ్చట నాటుకొనినచో, పత్తిచేనిలోని కలుపువలె అసలు పైరుకు చోటు లేకుండ జేయును. రక్తహీనత, ఎముకల నొప్పి అందువలన కలుగును.

మన గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి తీయువారు, మిరపకాయలు కోయువారు నడుమునొప్పిని వంగి చేసిన పనికే అంటగట్టుదురు. పలుమారు అది నిజమే. కాని తగ్గని నొప్పికి రక్తహీనత తోడైనచో, ముఖ్యముగా మునుపు క్యాన్సరుకు చికిత్స పొందినవారియందు, మనము రక్తమును పరీక్షింపవలెను.

మొదటి సాక్షి రక్తపు స్మియరు. గాజుపలకపై నెత్తుటిబొట్టును పరచి, రంగువేసి సూక్ష్మదర్శినితో చూచినచో కేంద్రకము గల ఎర్రకణములు, పక్వముకాని తెల్లకణములు కనబడవచ్చును. ఆరోగ్యవంతులైన పెద్దలలో ఇవి సామాన్యముగా మూలుగను విడిచి రావు. కన్నీటిబొట్టు ఆకారపు ఎర్రకణములును తోడుగా నుండవచ్చును.

రెండవ సాక్షి అల్కలైన్ ఫాస్ఫటేజు. ఎముకను కట్టు కణములు అధికముగా పనిచేసినపుడు ఈ ఎంజైము రక్తమున పెరుగును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి 1925లో ప్రకటించిన పద్ధతి, నీలిరంగు గాఢతను బట్టి భాస్వరమును కొలుచును. ఫాస్ఫటేజు విడదీసిన భాస్వరమును లెక్కించుటకును పరిశోధకులు దానిని వాడిరి. నేడు వేరు పద్ధతులు వచ్చినవి.

లాక్టేట్ డీహైడ్రోజినేజు, కాల్షియముల హెచ్చుదల కూడ అనుమానమును బలపరచును. ప్రోస్టేటు క్యాన్సరునకు పూర్వము ఆసిడ్ ఫాస్ఫటేజును చూచెడివారు, ఇప్పుడు పి.ఎస్.ఏ. పరీక్ష ఆ స్థానమును పొందినది.

అయినను ఈ సాక్షులలో ఏ ఒక్కటియు తీర్పు చెప్పజాలదు. ఎదుగు పిల్లలలో, గర్భిణులలో, కాలేయవ్యాధులలో, విరిగిన ఎముక అతుకుకొనునపుడు కూడ అల్కలైన్ ఫాస్ఫటేజు పెరుగును. తీవ్రమైన రక్తస్రావము, అంటువ్యాధి వలన కూడ స్మియరు మారవచ్చును. అన్నియు మామూలుగ నున్నంతమాత్రమున వ్యాధి లేదనియు చెప్పరాదు. తుంటి ఎముకనుండి మూలుగను, చిన్న ఎముక తునకను తీసి చూచిననే నిశ్చయమగును.

మన విద్యార్థులలో పలువురు రేపు పరీక్షాశాలలలో పనిచేయుదురు. కొన్ని యంత్రములు కేంద్రకము గల ఎర్రకణమును తెల్లకణముగా లెక్కించును. కనుక అంకె అనుమానాస్పదముగ నున్నపుడు గాజుపలకను స్వయముగా చూచి, కనబడినదానిని వైద్యునికి తెలుపుడని మేము కోరుచున్నాము. ఖర్చు స్వల్పము, కూలిపనికి పోవు రోగికి దానివలన నెలల కాలము కలసివచ్చును.