సంగీతపు పనికి కంప్యూటరు: ప్రాసెసరు నెన్నుకొను విధము

ప్రతి సంవత్సరమును ఈ సంచికలో తల్లిదండ్రుల నుద్దేశించి మేమొక వ్యాసము వ్రాయుట ఆచారమైనది. పిల్లల చేతివ్రాత, ఇంటి చదువు, పరీక్షల భయము మున్నగు విషయములను ఇదివరలో ముచ్చటించితిమి. ఈ యేటి విషయము కొంత వింతగా తోచవచ్చును. పాటను రికార్డు చేసి, వాద్యములను చేర్చి, చక్కగా కూర్చుటకు తక్కువ వ్యయముతో కంప్యూటరు కొనదలచినవారు ప్రాసెసరు నెట్లెన్నుకొనవలెను? ఈ ప్రశ్నను మేము కల్పించుకొనలేదు. రెండు మూడేండ్లుగా తల్లిదండ్రులే మా గదికి వచ్చి అడుగుచున్నారు.

ఇందుకు కారణము లేకపోలేదు. తరతరములుగా హోసూరు ప్రాంతమున నిలిచిన మన యిండ్లలో పెండ్లిపాటలు, లాలిపాటలు, దంపుళ్ల పాటలు ఇంకను కొందరు వృద్ధుల నోట మిగిలియున్నవి. వానిలో పెక్కింటిని ఎవరును వ్రాసి పెట్టలేదు. త్యాగరాజస్వామి (1767–1847) తమిళ దేశమున తిరువైయారులో నుండియే తెలుగున కృతులు రచించెను. వాలాజాపేట మొదలగు చోట్ల శిష్యులు శ్రద్ధతో వ్రాసి పెట్టుకొనుట వలన అవి మనకు దక్కినవి. మన యింటి పాటలకు అట్టి శిష్యులు మన పిల్లలే కావలెను.

2023వ సంవత్సరమున ఒక తండ్రి దుకాణమువా రిచ్చిన అంచనా కాగితముతో మా వద్దకు వచ్చెను. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆయన కుమారుడు బాగుగా పాడును. నాయనమ్మ పాటలను రికార్డు చేసి, తంబురయు తాళమును చేర్చవలెనని వాని కోరిక. కాగితములో అన్నిటికంటె పెద్ద ప్రాసెసరు వ్రాసియుండెను. “అయ్యా, సంగీతపు పనికి ఇంతకు తక్కువదైతే చాలదని చెప్పినారు. ఇంటిదాని గొలుసు కుదువపెట్టవలసి వచ్చును. కొనమందురా?” అని అడిగెను. మాకు ఆనాడు సమాధానము తెలియదు. “తొందరపడకుడు, సొమ్ము కూడబెట్టిన పిమ్మట కొనవచ్చును” అని మాత్రము చెప్పి పంపితిమి. ఆ సలహా ఎట్టిదో చివర చెప్పెదము. ముందు పాఠము.

ప్రాసెసరు చేయు పని

కంప్యూటరులో లెక్కలు కట్టు భాగమునకు ప్రాసెసరని పేరు. మైకులో పాడిన స్వరము కంప్యూటరులోనికి అంకెల రూపమున పోవును. సాధారణముగా సెకండునకు 44,100 లేక 48,000 పర్యాయములు స్వరమును కొలిచి అంకెలు వ్రాయుదురు. 1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కుకు మొదటి సంఖ్యను, చలనచిత్రములకును వీడియోలకును రెండవ దానిని వాడుట పరిపాటి.

ఈ అంకెలను ఒక్కొక్కటిగా గాక కొన్నింటిని గుంపుగా చేర్చి ప్రాసెసరునకు అందింతురు. ఆ గుంపును బఫర్ అందురు. గుంపున 256 అంకెలుండి, సెకండునకు 48,000 చొప్పున వచ్చుచున్నవనుకొందము. 256ను 48,000చే భాగింపగా సుమారు 5.3 మిల్లీసెకండ్లు వచ్చును. ఒక గుంపు పని ముగించుటకు ప్రాసెసరునకు గల గడువు అదియే. ఇట్టి గడువులు సెకండునకు 187కు పైగా వచ్చును. అందులో ఒక్కటి తప్పినను చెవికి చిటపటయని వినబడును.

పంక్తి భోజనములో వడ్డించువానిని తలచుకొనుడు. విస్తరి ఖాళీ యగుటకు ముందే అన్నము చేరవలెను. పూటకు మొత్తముమీద ఎన్ని బస్తాలు వండితిరన్నది అప్పుడెవరును అడుగరు. సంగీతపు పనిలో ప్రాసెసరునకు పరీక్ష యిదియే.

కోర్‌లు హెచ్చైన చాలునా?

నేటి ప్రాసెసరులో పనివాండ్రవంటి భాగములు అనేకములుండును. వానికి కోర్‌లని పేరు. అవి ఎన్ని హెచ్చైన అంత మేలని ప్రకటనలు చెప్పును. అందు సగమే నిజము.

పులుసు కాచుటకు ముందు చింతపండు నానవలెను, పిదప పిసుకవలెను, ఆ పిదపనే పొయ్యి మీద పెట్టవలెను. పదిమంది వంటవాండ్రు చుట్టును నిలిచినను ఈ వరుస మారదు. ఆ ఒక్కని చేతి వేగమే ముఖ్యము. ఆరు వంటకములున్నచో ఆరుగురు వంటవాండ్రు పనికి వత్తురు. అట్లే ఒక గాత్రమునకు శబ్దము శుభ్రపరచుట, హెచ్చుతగ్గులు సరిచూచుట, ప్రతిధ్వని చేర్చుట అను పనులు ఒకదాని వెనుక నొకటి జరుగవలెను గనుక అవి సాధారణముగా ఒక కోర్ మీదనే నడచును. గాత్రము, వయొలిను, మృదంగము వేరువేరు ట్రాకులుగా నున్నచో వేరువేరు కోర్‌లు పంచుకొనును. తుదకు అన్నియు కలిసి ఒక్క ధారయై వచ్చుచోట మరల వరుస పనియే.

కావున కోర్ ఒక్కొక్కటి వేగముగా నుండుట మొదటి లక్షణము. కోర్‌ల సంఖ్య రెండవది. ఇంటిలో నాలుగు నుండి ఇరువది ట్రాకుల పని చేయువారికి నాలుగు లేక ఆరు మంచి కోర్‌లు చాలును. పదునారు కోర్‌ల ప్రాసెసరు కొన్నచో వానిలో పెక్కు ఊరక కూర్చుండును. వాని వెల మాత్రము మనమే చెల్లింపవలెను.

మా పాఠశాల అనుభవము

పై పాఠము మేమును పొరపడియే నేర్చుకొంటిమి. పాఠశాల వార్షికోత్సవపు పాటలను రికార్డు చేయుటకు ఒక ల్యాప్‌టాపు తెచ్చితిమి. పిల్లలు పాడుచుండగా చిటపట శబ్దము వచ్చెను. ప్రాసెసరు చాలదని తలచి, మరియొకటి కొనుటకు సంఘమువారికి అర్జీ సైతము వ్రాసితిమి. అంతలో మా పూర్వవిద్యార్థి యొకడు వచ్చి మూడు మార్పులు చేసెను. విద్యుత్తు పొదుపు చేయు అమరికను తీసివేసెను, వైఫైని నిలిపెను, బఫరును 64 నుండి 256కు హెచ్చించెను. చిటపట ఆగిపోయెను. అర్జీ మా సొరుగులోనే యున్నది.

ఆ యువకుడు చెప్పిన మరియొక మాట మిక్కిలి విలువైనది. పాడునపుడు హెడ్‌ఫోనులో తన స్వరము ఆలస్యముగా వినబడినచో గాయకుడు తడబడును గనుక అప్పుడు బఫరు చిన్నదిగా నుండవలెను. 256 అంకెల బఫరుతో స్వరము లోనికి పోయి వెలుపలికి వచ్చుటకు పదునొకండు మిల్లీసెకండ్లకు కొంచెము హెచ్చుగా పట్టును. ధ్వని సెకండునకు సుమారు 343 మీటర్లు పోవును. అనగా ఈ ఆలస్యము నాలుగు మీటర్ల దూరమున కూర్చున్నవాని వాద్యము వినుట వంటిది. అంతకు తగ్గింపవలెనన్నచో గాయకుని స్వరమును కంప్యూటరునకు పంపకయే నేరుగా హెడ్‌ఫోనునకు అందించు ఆడియో ఇంటర్‌ఫేసు పెట్టె చాలును.

రికార్డు ముగిసి పాటను కూర్చునపుడు ఆలస్యముతో పని లేదు. బఫరును 1024కు హెచ్చింపవచ్చును. అప్పుడు గడువు 21 మిల్లీసెకండ్లగును. చిన్న ప్రాసెసరు సైతము పెద్ద పని మోయగలదు. అప్పటికిని బరువైనచో, పూర్తియైన ట్రాకును ‘ఫ్రీజ్’ చేయవచ్చును. అనగా దాని లెక్కలను ఒక్కమారు కట్టి దాచుకొనుట.

పేరు చదువు విధము

ఐ3, ఐ5, ఐ7 అను పేర్లను తరగతులవలె భావించి, ఏడు మూడు కంటె గొప్పదని తలచుట సహజము. అది ఒకే తరములో మాత్రమే చెల్లును. 2017లో వచ్చిన కోర్ ఐ7-7700 ప్రాసెసరునకు నాలుగు కోర్‌లు; గరిష్ఠ వేగము 4.2 గిగాహెర్ట్జులు. 2022లో వచ్చిన కోర్ ఐ3-12100కును నాలుగు కోర్‌లే, వేగము 4.3 గిగాహెర్ట్జులు. అంకెలు సమానముగా కనిపించినను, క్రొత్తది ప్రతి అడుగునకును ఎక్కువ పని చేయును గనుక నిజమున అదియే వేగవంతము. పేరులోని మొదటి అంకెలు తరమును తెలుపును: ఇచట 7వ తరము, 12వ తరము.

పాతవి కొనువారికి ఇది మరింత ముఖ్యము. విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సామాన్య సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు తగినవని వారు ప్రకటించిన పట్టికలో ఇంటెల్ 8వ తరమునకు పూర్వపువి, మిక్కిలి కొద్ది తప్ప, లేవు. “ఐ7 చవకగా వచ్చుచున్నది” అన్నచో ఏ తరమని అడుగుడు.

చివర నుండు అక్షరమును గూడ చూడవలెను. ఇంటెల్ పేరు చివర ‘ఎఫ్’ ఉన్నచో తెరపై బొమ్మ చూపు భాగము అందు లేదు. వేరుగా గ్రాఫిక్స్ కార్డు కొనవలెను. సంగీతమునకు ఆ కార్డుతో పని లేదు గనుక అది వృథా వ్యయము. ల్యాప్‌టాపు ప్రాసెసర్లలో ‘యు’ అక్షరము తక్కువ విద్యుత్తుతో నడచు రకమునకు గుర్తు. ఎక్కువ సేపు బరువైన పని చేయుటకు ‘హెచ్’ రకము మేలు. అదే వెలకు ల్యాప్‌టాపు కంటె బల్లపై నుంచు కంప్యూటరే హెచ్చు పని చేయును.

ఏ పనికి ఏది

ఒకటి: గాత్రము, తంబుర, ఒకటి రెండు వాద్యములు మాత్రమే రికార్డు చేయువారికి ఐ3-12100 వంటి నాలుగు కోర్‌ల ప్రాసెసరు చాలును.

రెండు: కీబోర్డుతో అనేక వాద్యముల ధ్వనులను కంప్యూటరులోనే పలికించువారికి ఆరు కోర్‌లది మేలు. ఇంటెల్‌లో ఐ5-12400, ఏఎండీలో రైజెన్ 5 5600 ఇట్టివి. రెండును 2022లో వచ్చినవి. రెండింటి గరిష్ఠ వేగమును 4.4 గిగాహెర్ట్జులే. రైజెన్ 5600కు తెర చూపు భాగము లేదు. 5600జీ అను దానికి కలదు.

మూడు: మునుముందు పెంచుకొనదలచి, కొంత హెచ్చు వెల పెట్టగలవారికి 2023లో వచ్చిన రైజెన్ 5 7600 తగును. దానికి డీడీఆర్5 మెమరీయే కావలెను గనుక మొత్తము వ్యయము చూచుకొనవలెను.

ఇవి సరిక్రొత్తవి కావు. అందువలననే మన పనికి అనువైనవి. రెండవ రకములో చెప్పిన మూడును 65 వాట్ల తరగతివి గనుక పెద్ద పంకా అక్కరలేదు. చిన్న యింటిలో కంప్యూటరు పంకా హోరును మైకు వినునని మరువరాదు.

మిగిలిన సొమ్ము

ప్రాసెసరుపై మిగిల్చిన సొమ్మును ఈ వరుసలో వెచ్చింపుడు. మెమరీ 16 గిగాబైట్లు. గాత్రము మాత్రమే యైనచో 8తో ఆరంభింపవచ్చును. తిరుగు డిస్కు గాక ఎస్సెస్‌డీ. ఆడియో ఇంటర్‌ఫేసు, మంచి మైకు, చెవులను మూయు హెడ్‌ఫోను. చెడ్డ మైకుతో తీసిన స్వరమును ఏ ప్రాసెసరును బాగుచేయజాలదు. ప్రోగ్రాములకు తొలుత వ్యయము అక్కరలేదు: ఆడాసిటీ, ఎల్ఎంఎంఎస్ ఉచితముగా లభించును.

దుకాణమున నాలుగు ప్రశ్నలు అడిగి, సమాధానములను కాగితముపై వ్రాయించుకొనుడు. ప్రాసెసరు పూర్తి పేరు, తర మేమి? తెర చూపు భాగము అందే కలదా? మెమరీని పిదప పెంచుటకు చోటు కలదా? హామీ ఎన్ని సంవత్సరములు, ఎవరిది? ధరలు మాటిమాటికి మారుచుండును గనుక రెండు మూడు చోట్ల విచారించుట మంచిది.

ఇక ఆ తండ్రి సంగతి. మా మాట విని ఆయన సొమ్ము కూడబెట్టసాగెను. ఆ పెద్ద ప్రాసెసరు వెలకు ఇంకను సగము చేరకముందే, 2024 సంక్రాంతి వెళ్లిన పిమ్మట, నాయనమ్మ గతించినది. ఆమెకు ముప్పదికి పైగా పాటలు వచ్చునట. బాలునకు రెండు పాటలు పూర్తిగాను, మూడవ దాని పల్లవి మాత్రమును జ్ఞాపకమున్నవి. చాలినంత చిన్న కంప్యూటరు చేతిలోని సొమ్ముతో ఆనాడే వచ్చియుండును. ఆ మాట చెప్పుటకు మాకు తెలియకపోయెను. ఆ తెలియమియే ఈ వ్యాసమునకు మూలము.

ఆ బాలుడిప్పుడు ఐ3 ప్రాసెసరు గల కంప్యూటరుతో తమ వీధి వృద్ధుల పాటలను రికార్డు చేయుచున్నాడు. అందుకై ఏ గొలుసును కుదువకు పోలేదు.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. పనిని బట్టి ప్రాసెసరు నెన్నుకొనుడు. పేరును బట్టి కాదు. అప్పు చేయకుడు. కంప్యూటరు వచ్చువరకును వేచియుండకుడు. నేటి సాయంకాలమే తలుపులు మూసి, పంకా ఆపి, ఇంటి పెద్దల పాటను చేతిలోని ఫోనులోనైనను పట్టి ఉంచుడు. దానిని శుభ్రపరచుటకు శనివారము మధ్యాహ్నము మా పాఠశాల కంప్యూటరు మీ పిల్లలకు అందుబాటున నుండును. సంకోచింపక పంపగోరెదము.