మీ అమ్మ మాత్రల సంగతి

తనకల్లు

అల్లుడా,

నిన్న నువ్వు ఫోనులో అడిగినదానికి నేను జవాబు చెబుతుంటే మీ మెట్రో రైలు రొదలో సగం గాలికి పోయింది. అందుకే కాగితం మీద పెడుతున్నా. మీ అత్త ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతుంది.

నువ్వడిగినవి రెండు. థైరాయిడ్ మాత్ర 25 మైక్రోగ్రాములతోనే ఎందుకు నెట్టుకొస్తున్నారు, మీ ఆఫీసులో ఒకమ్మాయి మొదటి రోజు నుంచే 75 వేసుకుంటోంది గదా, అమ్మకూ పెంచేస్తే నీరసం బిరీన పోతుంది గదా అని ఒకటి. స్టెరాయిడ్ వాడితే ఒళ్ళు ఉబ్బుతుంది, ఎముకలు గుల్లవుతాయి అంటున్నారు, అది మానిపించొచ్చా అని ఇంకోటి. మొదటిది నీ తొందర. రెండోది మాత్రం మీ అమ్మ ప్రాణం మీదికొచ్చే మాట.

మీ ఆఫీసు అమ్మాయికి థైరాయిడ్ గ్రంథే చెడింది. మీ అమ్మకు ఆ గ్రంథి భేషుగ్గా ఉంది. దానికి పని చెప్పే పిట్యూటరీ, మెదడు అడుగున శనగగింజంత ఉండేది, అది దెబ్బతినింది. కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులకు కార్టిసాల్ అనే హార్మోను తయారు చెయ్యమని చెప్పేదీ అదే. కాబట్టి అది పోతే రెండూ పోయినట్టే.

దాన్ని చెడగొట్టింది రక్తపింజర. నువ్వప్పుడు ఇంటర్ హాస్టల్లో ఉన్నావు, పరీక్షలని నీకు అంతా చెప్పలేదు. మాపటేళ ఆవుకు మేత లాగుతుంటే కట్టె వామి కిందినుంచి మడమ మీద కాటేసింది. ఆసుపత్రిలో నర్సమ్మ గాజు ట్యూబులోకి కాస్త రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు బల్ల మీద పెట్టింది. మామూలు మనిషి రక్తం అంతసేపట్లో గడ్డ కట్టాలి. ట్యూబు వంచితే మీ అమ్మ రక్తం నీళ్ళలాగా జారింది. విషం ఎక్కిందని చెప్పడానికి ఇంకో పరీక్ష అక్కర్లేకపోయింది. విరుగుడు సూదులు పడ్డాయి, కిడ్నీలు ఆగి డయాలసిస్ దాకా పోయి బతికింది. డిశ్చార్జి కాగితంలో కిడ్నీ మాట తప్ప ఇంకొకటి లేదు. మనమూ గండం గడిచిందనుకున్నాం.

ఆ తర్వాత జరిగినవి మీ అమ్మ నీతో చెప్పదు. నాతోనూ చెప్పలేదు, మీ అత్తతో చెప్పుకుంది. ఆ కాటు తర్వాత మళ్ళీ నెలసరి రాలేదు. ఇంకా నలభై నిండలేదు, అయినా తొందరగా ఆగిపోయిందనుకుని ఊరుకుంది. చంకల్లో వెంట్రుకలు రాలిపోయాయి. ముఖం పాలిపోయింది. ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునేది, సంగటి ముద్ద సగం వదిలేసేది. అందరం కలిసి దాన్ని కష్టం, దిగులు, వయసు అన్నాం. పాముకాటును దీంతో కలిపి చూసినవాళ్ళు లేరు.

కలిపి చూసినవాళ్ళు లోకంలో ఎప్పుడో ఉన్నారు. 1937లో షీహాన్ అనే ఇంగ్లండు డాక్టరు, కాన్పులో రక్తం విపరీతంగా పోయిన తల్లులకు పిట్యూటరీ చచ్చుబడుతుందని రాశాడు. 1987లో బర్మా వరి రైతుల మీద లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. రక్తపింజర కరిచి బతికినవాళ్ళలో కొందరికి అచ్చం అదే జబ్బు. విషం వల్ల సన్నటి రక్తనాళాల్లో గడ్డలు కడతాయి, నెత్తురు కారుతుంది, పిట్యూటరీకి రక్తం అందదు. ఒక్కోసారి ఏళ్ళు గడిచాక గానీ బయటపడదు. మన దక్షిణాదిలోనూ ఈ కేసులు రాశారు. చెనక్కాయ చేలల్లో ఇంతమంది కాట్లు తినే మన సీమలో ఇది ప్రతి ఆసుపత్రి గోడ మీదా ఉండాల్సిన సంగతని నా అభిప్రాయం. నేను మందుల కిటికీ వెనక ఉద్యోగం చేసినవాణ్ణే గానీ డాక్టరును కాను, అయినా అనక తప్పదు.

ఇక మొన్నటి గండం. టౌన్లో చూపిస్తే రక్తంలో ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ హార్మోను, బాగా తక్కువుందని నేరుగా 100 మైక్రోగ్రాముల మాత్ర రాశారు. రెండో వారానికి వాంతులు, లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోవడం. బీపీ అందలేదు, రక్తంలో సోడియం 118కి పడిపోయింది. మదనపల్లెలో సెలైన్, హైడ్రోకార్టిసోన్ సూది పడ్డాక గానీ మాట్లాడలేదు, ఆ రాత్రి కారు తోలింది నువ్వే. వేలూరు వెళ్ళాక డాక్టరమ్మ ఒక్క ప్రశ్నతో పట్టుకుంది, పాముగానీ కరిచిందా అని.

ఎందుకట్లా అయిందో విను. థైరాయిడ్ తక్కువున్న ఒంట్లో అన్నీ నెమ్మదే, కార్టిసాల్ విరిగిపోవడం కూడా నెమ్మదే. అందుకే ఉన్న కాస్త కార్టిసాల్‌తో మీ అమ్మ ఇన్నేళ్ళు ఎట్లాగో లాక్కొచ్చింది. థైరాయిడ్ మాత్ర పడగానే కాలేయం ఆ కాస్తనూ వేగంగా విరగ్గొట్టింది, ఒంటికి కావలసింది పెరిగింది, తయారయ్యేది పెరగలేదు. నీళ్ళు అడుగంటిన బోరుకు పెద్ద మోటారు బిగించినట్టయింది. అందుకే ఈ రెండూ తక్కువున్న మనిషికి ముందు కార్టిసాల్ మాత్ర, అది నిలదొక్కుకున్నాక థైరాయిడ్ మాత్ర. ఈ వరుస తప్పకూడదు. వింతేమంటే థైరాక్సిన్‌ను 1914లో మొదట విడదీసిన కెండాల్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్తే తర్వాత అడ్రినల్ గ్రంథులనుంచి కార్టిసోన్‌నూ తీశాడు, 1950లో నోబెల్ వచ్చింది కార్టిసోన్ పనికే.

ఇప్పుడు నీ లెక్కకు వస్తా. నువ్వు మానిపించొచ్చా అన్న స్టెరాయిడ్ ఆ కార్టిసాల్ మాత్రే, పేరు హైడ్రోకార్టిసోన్. పొద్దున లేవగానే 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5. ఇది ఆరోగ్యంగా ఉన్న ఒళ్ళు రోజూ తనకు తాను తయారు చేసుకునేంతే. ఊళ్ళో వాళ్ళు చూసిన ఉబ్బుడు ముఖాలు దీనికి ఎన్నో రెట్లు నెలల తరబడి తిన్నవాళ్ళవి. వాళ్ళ మాట విని మీ అమ్మ మొన్న మధ్యాహ్నం మాత్ర రెండు రోజులు ఎగ్గొట్టింది, మీ అత్త స్ట్రిప్పు లెక్కబెట్టి పట్టుకుంది. నువ్వు ఫోనులో గట్టిగా చెప్పు. కొడుకు చెబితే వింటుంది.

థైరాయిడ్ మాత్ర 25 నుంచి మెల్లగా పెంచుతారు, అదీ ఆరు వారాలకో ఎనిమిది వారాలకో రక్తం చూసి. పెంచిన ప్రతిసారీ కార్టిసాల్ అవసరం కూడా కొంచెం పెరగొచ్చు. పెంచాక పదిహేను రోజులు మీ అమ్మకు కళ్ళు తిరుగుతున్నాయా, కడుపులో తిప్పుతోందా, అన్నం సహించడం లేదా అని అడుగుతూ ఉండు. ఉంటే అది "ఇంకా థైరాయిడ్ చాల్లేదు" అనుకుని పెంచేది కాదు, డాక్టరమ్మకు ఫోను చేసేది.

ఇంకో మెలిక ఉంది. మీ అమ్మకు టీఎస్‌హెచ్ చూసి లాభం లేదు. థైరాయిడ్‌కు పని చెప్పడానికి అది పిట్యూటరీ నుంచి రావాల్సింది, పిట్యూటరీయే లేనప్పుడు ఆ అంకె దేనికి కొలత? టౌన్ రిపోర్టులో టీఎస్‌హెచ్ మామూలుగా ఉండి ఫ్రీ టీ4 పడిపోయినప్పుడే అనుమానం రావాల్సింది. ఇక మీదట మాత్ర సరిపోయేకొద్దీ టీఎస్‌హెచ్ సున్నా దగ్గరికి పోతుంది, ల్యాబు వాళ్ళు దాన్ని లావు అక్షరాల్లో కొడతారు, ఎవరో కొత్త డాక్టరు చూసి మోతాదు తగ్గిస్తానంటారు. ఒప్పుకోవద్దు, ఫ్రీ టీ4 చూడమను. రక్తపరీక్ష రోజు థైరాయిడ్ మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. మామూలు రోజుల్లో పరగడుపున నీళ్ళతో, కాఫీకి కనీసం అరగంట ముందు. ఐరన్ మాత్ర వేసుకుంటే దానికి నాలుగు గంటల ఎడంతో.

నువ్వు పంపిన రీలు చూశా. "అడ్రినల్ అలసట" అంటూ ఒకాయన డబ్బా అమ్ముతున్నాడు. హార్మోన్ల వైద్యులు ఆ పేరుతో జబ్బుందని ఒప్పుకోరు. అడ్రినల్ నిజంగా చెడితే రక్తంలో కనబడుతుంది. పొద్దున 8 గంటల కార్టిసాల్ 3 కన్నా తక్కువుంటే దాదాపు తేలినట్టే, 15 దాటితే మామూలుగా భయం లేదు, మధ్యలో ఉంటే సూది వేసి మళ్ళీ కొలుస్తారు. మీ అమ్మది 1.6. ఆ డబ్బాల సంగతంటావా, అమెరికాలో అడ్రినల్‌కు బలమని అమ్మేవి పన్నెండు కొని పరీక్షిస్తే అన్నిట్లోనూ థైరాయిడ్ హార్మోను బయటపడింది, కొన్నిట్లో స్టెరాయిడ్లు కూడా. మీ అమ్మలాంటి మనిషికి అవి ఎంత చేటో నువ్వే ఊహించుకో.

పాము కరవకపోయినా ఈ పరిస్థితి వచ్చేవాళ్ళు మన వీధిలోనే ఉన్నారు. మోకాళ్ళ నొప్పులకు స్టెరాయిడ్ సూదులు, స్టెరాయిడ్ కలిసిన పేరులేని పొట్లాలు నెలలకు నెలలు వాడి ఒక్కసారిగా మానేస్తారు. స్టెరాయిడ్ బయటినుంచి వస్తుంటే సొంత అడ్రినల్ పని మరిచిపోతుంది. ఆ సమయంలో నీరసమని థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే కథ ఇదే. క్షయ కూడా అడ్రినల్‌ను తినేస్తుంది, అయితే అప్పుడు చర్మం నల్లబడుతుంది. మీ అమ్మ పాలిపోయింది గాబట్టి ఎవరికీ తట్టలేదు.

జ్వరమొస్తే హైడ్రోకార్టిసోన్ రెట్టింపు, తగ్గాక మళ్ళీ మామూలు. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఆలస్యం చెయ్యకుండా 100 మిల్లీగ్రాముల సూది, ఆ వెంటనే 108. పన్ను పీకించుకున్నా ముందు చెప్పాలి. కదిరి తేరుకు ఉపవాసమంటుంది, ఉండనీ, మాత్రలు మాత్రం మింగాలి. నరసింహస్వామికి కోపం రాదు, నేను పూచీ. "పిట్యూటరీ పనిచెయ్యదు, హైడ్రోకార్టిసోన్ ఆపకూడదు, స్పృహ తప్పితే 100 మి.గ్రా. సూది వెంటనే" అని తెలుగులో, ఇంగ్లీషులో రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టి ఆమె సంచిలో వేశాను. ఒక కాపీ నీ ఫోనులో ఉంచుకో.

వచ్చేటప్పుడు బెంగుళూరులో హైడ్రోకార్టిసోన్ సూది మందు రెండు వయల్స్, సిరంజీలు, కలపడానికి స్టెరైల్ నీళ్ళు తీసుకురా. ఇక్కడి షాపుల్లో అడిగినప్పుడల్లా దొరకడం లేదు. చీటీ ఫోటో కింద పెడుతున్నా. గడువు తేదీ చూసి కొను.

ఇట్లు,
మీ మామ