మెమొరీ మొదటి భాగమును విడిచియుంచుట

కంప్యూటరు మీట నొక్కిన కొలది క్షణములకు తెరమీద బొమ్మలు కానవచ్చును. ఈలోపల యంత్రములో జరుగు పనులలో నొకటి విచిత్రమైనది: మెమొరీలో కొంతభాగమును ఎవ్వరికి నీయక విడిచియుంచుట. ఉన్నదానిని వాడుకొనక విడుచుట యేల? ఈ పాఠమున దానిని విచారింతము.

మీట నొక్కగానే మొదట మేల్కొనునది ఆపరేటింగు సిస్టము కాదు. యంత్రములోని యొక చిప్పునందు నిలిచియుండు ఫర్మువేరు. పాత యంత్రములలో దీనిని బయాస్ అనిరి. 1981లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన పర్సనల్ కంప్యూటరులోని 8088 ప్రాసెసరునకు 20 చిరునామా తీగలే యుండెను. కావున నది 2 యొక్క 20వ ఘాతమగు 10,48,576 బైట్లను, అనగా 1 మెగాబైటును మాత్రమే చేరగలిగెను. బయాస్ తన కాపురమును అందులోనే పెట్టుకొనెను. మొదటి 1,024 బైట్లలో 256 ఇంటరప్టుల చిరునామాలు, ఒక్కొక్కటి 4 బైట్లు. వాని వెనుక 256 బైట్లలో బయాస్ సొంత లెక్కలు. 640 కిలోబైట్లకు పైన తెరకును బయాసునకును చెందిన చోటులు.

తరువాత ఆపరేటింగు సిస్టము వచ్చి, ఏ చోటు ఖాళీయని ఫర్మువేరు నడుగును. ఫర్మువేరు ఒక పట్టిక నిచ్చును. చిక్కంతయు నిచ్చటనే. పూర్వము కరణము లెక్కలో సాగుభూమియని వ్రాసియున్నను, ఏటేట ఏటినీరు వచ్చి ముంచు పొలము లుండెడివి. అట్లే కొన్ని బయాసులు ఖాళీయని తామే చెప్పిన చోట మరల వ్రాయుచుండెను. యంత్రమును నిద్రపుచ్చి లేపునప్పుడును, తెర తీగను తగిలించునప్పుడును ఇది జరుగుట కనుగొనబడెను. ఆ చోట మీ వ్యాసమున్నయెడల అక్షరములు చెడును. ఆపరేటింగు సిస్టము సొంత లెక్కలున్నయెడల యంత్రమే నిలిచిపోవచ్చును. చెరిపినవా డొకడు, నింద మోయువాడు వేరొకడు.

దీనికి లినక్సు వారు క్రమముగా మందు వెదకిరి. 2008లో, క్రింది మెమొరీ చెడినదేమో నిమిషమున కొకమారు చూచు ఏర్పాటు చేసిరి. పిమ్మట మొదటి 64 కిలోబైట్లను విడిచియుంచుట వాడుకయయ్యెను. అదియు చాలదని తోచి, 2021 జూనులో వెలువడిన 5.13 కూర్పునందు ఎక్స్86 యంత్రములలో మొదటి మెగాబైటునంతయు విడిచిరి.

ఇందు వరుస ముఖ్యము. పంపకము జరిగిన పిమ్మట చోటును వేరుచేయుట వ్యర్థము. ముందే గిరి గీయవలయును. ఒక్క మినహాయింపు గలదు. తక్కిన ప్రాసెసర్లు మేల్కొనునప్పుడు 8088 రీతిగనే మేల్కొని, మొదటి మెగాబైటును మాత్రమే చేరగలవు. కావున వానిని లేపు చిన్న ప్రోగ్రామునకు అచ్చటనే చోటు చూచుకొని, మిగిలినదానిని విడిచియుంతురు.

నష్టమెంత? 4 గిగాబైట్ల మెమొరీలో 4,096 మెగాబైట్లు గలవు, విడిచినది అందొకటి. అంత స్వల్పము వదలుకొనుటచే తక్కినదంతయు నమ్మదగిన దగుచున్నది. కాగితముమీద ఖాళీగా నున్నదెల్ల నిజముగా ఖాళీ కాదని యెరిగి, ముందుగనే కొంత విడుచుట లోభము గాదు, వివేకము.

అభ్యాసము: 16 గిగాబైట్ల యంత్రములో విడిచిన భాగము ఎన్నవ వంతు? గణించి చూడుడు.