తీరం నుంచి పేరూరు జలాశయం వరకు: లోతు తక్కువ నీటి అడుగును వైమానిక లేజర్‌తో కొలిచే విధానం

సారాంశం

విమానం నుంచి లేజర్ కిరణాలను పంపి భూమి ఎత్తులను, లోతు తక్కువ నీటి అడుగును కొలిచే లైడార్ విధానం తీరప్రాంత ముంపు అంచనాకు, మురుగు కాలువల రూపకల్పనకు, జలాశయాల నిల్వ సామర్థ్య నిర్ధారణకు ఉపయోగపడుతుంది. ఈ విధానం పనిచేసే తీరు, ఎత్తులకు, లోతులకు వాడే ‘సున్నా’ల మధ్య తేడా, మట్టినీటిలో దాని పరిమితులు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి. కోస్తాలో నేర్చిన పద్ధతిని శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి మండలంలోని పేరూరు జలాశయం వంటి మెట్టప్రాంత నీటివనరులకు ఎలా అన్వయించవచ్చో చర్చించబడింది. పరికరం ఎంపిక కంటే కొలిచే కాలాన్ని సరిగా ఎంచుకోవడం, కొలవని భాగాన్ని పటంలో స్పష్టంగా చూపడం ముఖ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పరిచయం

భూమి పటాలను ఒక సంస్థ, సముద్ర పటాలను మరొక సంస్థ తయారు చేయడం చాలా దేశాలలో ఉన్న ఆనవాయితీ. మన దేశంలో భూభాగాన్ని భారత సర్వేక్షణ విభాగం, సముద్రాన్ని నౌకాదళ జలమాపన కార్యాలయం కొలుస్తాయి. రెండూ దెహ్రాదూన్‌లోనే ఉన్నప్పటికీ, వాటి పటాల నడుమ తీరం పొడవునా ఒక సన్నని ఖాళీ మిగిలిపోతుంది. అలలు విరిగే చోటికి సర్వే ఓడ రాలేదు. కొలబద్ద పట్టుకున్న మనిషి అక్కడ నిలబడలేడు.

అయితే తుఫాను ఉప్పెన ఒడ్డుకు చేరేటప్పుడు ఎంత ఎత్తు లేస్తుంది, ఎంత దూరం లోపలికి వస్తుంది అనేది నిర్ణయించే వాటిలో ఆ ఖాళీ పట్టీ ముఖ్యమైనది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో దాదాపు 10,000 మంది మరణించారు. పల్లపు డెల్టాలో మీటరు ఎత్తు తేడా ప్రాణాలతో ముడిపడి ఉంటుందని ఆ విపత్తు చాటింది. ఉప్పెన తగ్గిన తరువాత పొలంలో నిలిచిన ఉప్పునీరు ఎటు పోవాలి, ఏ మురుగు కాలువ దానిని తీయగలదు అన్న ప్రశ్నలకు కూడా ఎత్తుల పటమే ఆధారం.

2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఈ అవసరం దేశవ్యాప్తంగా గుర్తింపు పొందింది. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రంలో, అంటే ఇన్‌కాయిస్‌లో, 2007 అక్టోబరులో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. తీరప్రాంత బహుళ విపత్తు ముప్పు పటాల కోసం ఇన్‌కాయిస్ వాడిన సమాచారంలో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం విమానాల ద్వారా సేకరించిన లేజర్ ఎత్తుల దత్తాంశం ఒకటి. తీరరేఖ మార్పు, సముద్రమట్టం మార్పు, అత్యధిక నీటిమట్టాలతో పాటు నేల ఎత్తును కలిపి ఆ పటాలు రూపొందాయి.

లేజర్ కొలత పనిచేసే తీరు

విమానంలోని పరికరం సెకనుకు లక్షల సంఖ్యలో లేజర్ పల్సులను కిందికి పంపి, ప్రతి పల్సు తిరిగి వచ్చేందుకు పట్టిన కాలాన్ని నమోదు చేస్తుంది. రానుపోను ప్రయాణంలో ఒక నానోసెకను గాలిలో 15 సెం.మీ. దూరానికి సమానం. విమానం ఉన్న చోటును ఉపగ్రహ స్థాననిర్ణయ పరికరం, దాని ఒరుగుదలను జడత్వ పరికరం చెబుతాయి. ఈ మూడింటిని కలిపితే ప్రతి పల్సు తాకిన బిందువుకు అక్షాంశం, రేఖాంశం, ఎత్తు లభిస్తాయి.

భూమిని కొలిచేందుకు సాధారణంగా 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కిరణాన్ని వాడతారు. నీరు దీనిని పీల్చుకుంటుంది. కాబట్టి అది నీటి అడుగును చూపలేదు. అడుగును కొలిచేందుకు 532 నానోమీటర్ల ఆకుపచ్చ కిరణం అవసరం. ఈ కిరణంలో కొంత భాగం నీటి ఉపరితలం నుంచి, కొంత భాగం అడుగు నుంచి వెనుదిరుగుతుంది. ఆ రెండు ప్రతిధ్వనుల మధ్య కాలమే లోతుకు ఆధారం.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన అంశం ఒకటి ఉంది. నీటి వక్రీభవన గుణకం దాదాపు 1.33 కాబట్టి నీటిలో కాంతి వేగం తగ్గుతుంది. నీటిలో ఒక నానోసెకను దాదాపు 11.3 సెం.మీ. లోతుకు సమానం. రెండు ప్రతిధ్వనుల మధ్య 40 నానోసెకన్లు ఉంటే, కిరణం నిట్టనిలువుగా పడిందనుకున్నప్పుడు, లోతు 4.5 మీటర్లు. గాలిలోని వేగంతోనే లెక్కిస్తే 6 మీటర్లు వస్తుంది. అంటే ఈ సవరణ మరచితే అడుగు ఒకటిన్నర మీటరు కిందికి జారుతుంది. కిరణం ఏటవాలుగా పడితే దాని దిశ కూడా మారుతుంది. గాలిలో 20 డిగ్రీల వాలుతో వచ్చిన కిరణం నీటిలో సుమారు 15 డిగ్రీల వాలుతో సాగుతుంది.

రెండు సున్నాలు, మూడు ఎత్తులు

ఉపగ్రహ పరికరం ఇచ్చే ఎత్తు భూమి ఆకృతికి దగ్గరగా ఊహించిన ఎలిప్సాయిడ్ అనే గణిత తలం నుంచి కొలిచినది. రైతుకు, ఇంజనీరుకు కావలసినది సగటు సముద్రమట్టం నుంచి ఎత్తు. ఈ రెండింటి తేడా దక్షిణ భారతంలో చాలా ఎక్కువ. హిందూ మహాసముద్రంలో గురుత్వాకర్షణ తక్కువగా ఉన్న విశాల ప్రాంతం మనకు దక్షిణాన ఉండటమే దీనికి కారణం. ఈ అంతరం −80 మీటర్లుగా ఉన్న చోట, సముద్రమట్టానికి 2 మీటర్ల ఎత్తులో ఉన్న వరిపొలం ఉపగ్రహ పరికరంలో −78 మీటర్లుగా కనిపిస్తుంది. సంఖ్య వింతగా ఉన్నా కొలత తప్పు కాదు, సున్నా వేరు.

సముద్ర పటాలలో మరో సున్నా ఉంది. నావికుల భద్రత దృష్ట్యా లోతులను అత్యల్ప పాటు నీటిమట్టం దరిదాపుల నుంచి లెక్కిస్తారు. ఒక రేవు వద్ద ఆ మట్టం సగటు సముద్రమట్టానికి 0.8 మీటరు కింద ఉందనుకుందాం. సముద్ర పటంలో 1 మీటరు లోతుగా చూపిన చోటు, భూమి పటం ప్రకారం −1.8 మీటర్లు అవుతుంది. సవరణ లేకుండా రెండు పటాలను అతికిస్తే తీరం వద్ద లేని మెట్టు ఒకటి ఏర్పడి, ఉప్పెన నమూనా ఆ మెట్టునే నిజమని నమ్ముతుంది.

మన దేశపు పాత ఎత్తుల వ్యవస్థకు ఆధారమైన తొమ్మిది పోటుపాటుల పరిశీలన కేంద్రాలలో విశాఖపట్నం ఒకటి. ఏ పటాన్ని చేతిలోకి తీసుకున్నా అందులోని సున్నా ఏది అని ముందుగా అడగడం పరిశోధకుని మొదటి బాధ్యత.

మట్టినీటి పరిమితి

ఆకుపచ్చ లేజర్ ఎంత లోతు చూడగలదనేది నీటి తేటదనంపై ఆధారపడి ఉంటుంది. దీనిని అంచనా వేసే సులభ సాధనం సెక్కీ పళ్లెం. ఈ పళ్లేన్ని తాడుతో నీటిలోకి దించి, అది కంటికి కనుమరుగయ్యే లోతును చూస్తారు. పరికరాన్ని బట్టి లేజర్ ఆ లోతుకు సుమారు ఒకటిన్నర నుంచి మూడు రెట్ల వరకు చూడగలదు. తేట సముద్రజలాలలో ఇది కొన్ని పదుల మీటర్లకు చేరుతుంది. ఆస్ట్రేలియా నౌకాదళం, అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగం 1990వ దశకం నుంచే ఈ విధానాన్ని వాడుకలోకి తెచ్చాయి.

గోదావరి, కృష్ణా ముఖద్వారాల పరిస్థితి వేరు. అక్కడ ఒండ్రు కలిసిన నీటిలో పళ్లెం అర మీటరు లోతులోనే కనుమరుగైతే, లేజర్ మీటరు, మీటరున్నర మించి చూడలేదు. మరీ లోతు తక్కువైన చోట ఉపరితల ప్రతిధ్వని, అడుగు ప్రతిధ్వని ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కోరింగ మడ అడవుల వంటి చోట్ల ఆకుల గుబురు కూడా అడ్డు వస్తుంది. అందువల్ల ఖరీదైన ఆకుపచ్చ లేజర్ ఉన్నంత మాత్రాన డెల్టా తీరపు ఖాళీ పట్టీ నిండదు.

రెండు మట్టాల వద్ద కొలత

ఈ సమస్యకు కాలాన్ని సాధనంగా వాడుకోవచ్చు. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల పోటుపాటుల తేడా దాదాపు ఒకటిన్నర మీటరు లోపు ఉంటుంది. దీనిని 1.4 మీటర్లు అనుకుందాం. పాటు సమయంలో, అంటే నీరు −0.7 మీటరు వద్ద ఉన్నప్పుడు, పరారుణ లేజర్‌తో విమానం ఎగిరితే అంత వరకు బయటపడిన నేల నేరుగా కొలతకు అందుతుంది. అదే రోజులలో పోటు సమయంలో నీరు +0.7 మీటరుకు చేరుతుంది. అప్పుడు 0.6 మీటరు నీరు చాలే చిన్న పడవ, ధ్వనితో లోతు కొలిచే ఎకో సౌండరుతో +0.1 మీటరు ఎత్తు గల అడుగు వరకు రాగలదు.

ఈ విధంగా −0.7 నుంచి +0.1 వరకు గల పట్టీని రెండు వేర్వేరు సాధనాలు కొలుస్తాయి. నూటికి ఒకటి వాలు ఉన్న తీరంలో దాని వెడల్పు 80 మీటర్లు. ఆ పట్టీలో రెండు కొలతలు ఏకీభవిస్తే సున్నాలు సరిగా కలిశాయని అర్థం. అంతటా ఒకే తేడా కనిపిస్తే సున్నా సవరణలో పొరపాటు ఉందని గుర్తించాలి. సముద్రం శాంతంగా ఉండే ఫిబ్రవరి–ఏప్రిల్ మాసాలు ఇందుకు అనుకూలం.

రామగిరికి అన్వయం: పేరూరు జలాశయం

సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న రామగిరి మండలంలో ఈ పద్ధతికి చక్కని అవకాశం ఉంది. మండలంలోని పేరూరు వద్ద పెన్నా నదిపై 1950వ దశకంలో నిర్మించిన అప్పర్ పెన్నార్ జలాశయం సామర్థ్యం దాదాపు 1.8 టీఎంసీలు, ఆయకట్టు సుమారు 10,000 ఎకరాలు. ఎగువ నుంచి ప్రవాహం తగ్గడంతో అనేక సంవత్సరాలు అది నిండకుండానే గడిచింది. హంద్రీ–నీవా పథకం ద్వారా కృష్ణాజలాలు జీడిపల్లికి, పెనుకొండ సమీపంలోని గొల్లపల్లి జలాశయానికి చేరిన తరువాత, పేరూరుకు కూడా నీటిని ఎత్తిపోసే ప్రతిపాదనలు వచ్చాయి. విద్యుత్తు ఖర్చుతో, దశలవారీగా పంపుల ద్వారా తెచ్చే నీటిని నిలిపే చోటు వాస్తవ సామర్థ్యం ఎంతో తెలియడం తప్పనిసరి.

సముద్రంలో పాటు కొన్ని గంటలే ఉంటుంది. మెట్టప్రాంతపు చెరువులో వేసవి అంతా పాటే. ఎండిన అడుగును పరారుణ లేజర్‌తో, డ్రోను మీది చిన్న పరికరంతో సైతం, నేరుగా కొలవవచ్చు. ఎర్రమట్టి కలిసిన వాననీటిలో ఆకుపచ్చ లేజర్‌తో ప్రయాసపడవలసిన పని లేదు. తూము దగ్గర ఎండని మడుగును, నీరు వచ్చిన తరువాత పడవ మీది ఎకో సౌండరుతో పూరించాలి. మడుగు చుట్టూ ఉన్న అడుగును మళ్లీ పడవతో కొలిస్తే, తీరంలో వలెనే ఇక్కడా రెండు కొలతలను సరిచూసుకునే పట్టీ దొరుకుతుంది. చిత్రావతిపై ఉన్న బుక్కపట్నం, ధర్మవరం చెరువులకూ ఇదే క్రమం వర్తిస్తుంది.

ఈ ప్రాంతంలో రెండు స్థానిక జాగ్రత్తలు అవసరం. మొదటిది సర్కారు తుమ్మ. చెరువు అడుగున దట్టంగా అల్లుకున్న కంపపై పడిన పల్సులు నేలను చేరకపోతే, అడుగు ఉన్నదానికంటే ఎత్తుగా కనిపించి పూడిక ఎక్కువైనట్లు తోస్తుంది. రెండవది రామగిరి కొండలపై ఉన్న గాలిమరలు. విమానం లేదా డ్రోను ఎగిరే ఎత్తును వాటిని దృష్టిలో ఉంచుకుని నిర్ణయించాలి. తిరిగే రెక్కల నుంచి వచ్చిన బిందువులను దత్తాంశం నుంచి తొలగించాలి.

దోషం విలువ

వంద హెక్టార్ల విస్తీర్ణం గల చెరువు అడుగును 15 సెం.మీ. మేర తప్పుగా కొలిచారనుకుందాం. నిల్వ అంచనాలో తేడా 1,50,000 ఘనపు మీటర్లు. హెక్టారుకు 5 సెం.మీ. తడికి 500 ఘనపు మీటర్లు కావాలి కాబట్టి, ప్రయాణ నష్టాలను పక్కన పెడితే, ఇది 300 హెక్టార్లకు ఒక తడితో సమానం. వేరుసెనగ ఊడలు దిగే దశలో ఆ ఒక్క తడిని నమ్ముకున్న రైతుకు ఈ అంకె చిన్నది కాదు.

దోషాలలో రెండు రకాలు ఉన్నాయి. ఒక్కొక్క బిందువులో అటూ ఇటూ వచ్చే యాదృచ్ఛిక దోషాలు లక్షల బిందువుల సగటులో చాలావరకు రద్దవుతాయి. సున్నా తప్పడం, కంపను నేలగా భావించడం వంటి ఏకదిశా దోషాలు ఎన్ని బిందువులు తీసుకున్నా తగ్గవు. తీరంలోనూ ఇంతే. మూడు వేలకు ఒకటి వాలు ఉన్న డెల్టాలో 15 సెం.మీ. దోషం ముంపు రేఖను 450 మీటర్లు జరుపుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. ఎత్తుల పటం అందగానే దాని సున్నా, కొలిచిన తేదీ, ఆనాటి నీటిమట్టం నమోదై ఉన్నాయో లేదో చూడాలి.

2. నీటి కింద, కంప కింద కొలవని భాగాలను కంప్యూటరు చుట్టుపక్కల బిందువులతో నునుపుగా పూడ్చివేస్తుంది. అలాంటి భాగాలను పటంలో వేరే రంగుతో ‘కొలవలేదు’ అని చూపమని కోరాలి.

3. కట్ట, మరవ, తూము గడపల ఎత్తులను నేలపై లెవలింగు ద్వారా సరిచూడాలి. నీరు నిలిచేదీ, పారేదీ ఈ మూడింటిని బట్టే.

4. కోస్తాలో పొలం ఎత్తుతో పాటు మురుగు కాలువ కలిసే చోట పోటు మట్టాన్ని కూడా కొలవాలి. బాపట్ల ఉప్పునీటి పథకం వంటి కేంద్రాల చౌడు నేలల సమాచారంతో ఈ ఎత్తులను కలిపి చదివితే ఉప్పు చేరే దారి తెలుస్తుంది.

5. విద్యార్థులు 2018లో ప్రయోగించిన ఐస్‌శాట్–2 ఉపగ్రహపు ఉచిత దత్తాంశంతో అభ్యాసం చేయవచ్చు. అది కూడా 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరునే వాడుతుంది. అయితే దాని కొలతలు విడివిడి గీతల వెంట మాత్రమే లభిస్తాయి.

ముగింపు

2022 నాటి జాతీయ భూస్థానిక విధానం 2030 నాటికి అధిక ఖచ్చితత్వం గల ఎత్తుల నమూనాను, 2035 నాటికి లోతట్టు జలవనరుల, సముద్రాల లోతుల సమాచారాన్ని లక్ష్యాలుగా పెట్టుకుంది. ఆ దత్తాంశం అందుబాటులోకి వచ్చినప్పుడు దానిని పొలానికి చేర్చవలసినది వ్యవసాయ శాస్త్రజ్ఞులే. సున్నాలను కలపడం, నీరు తగ్గిన వేళ ఒకసారి, పెరిగిన వేళ ఒకసారి కొలవడం, కొలవనిదాన్ని కొలవనిదిగానే చూపడం అనే మూడు నియమాలు దివిసీమ మురుగు కాలువకు, పేరూరు జలాశయానికి సమానంగా వర్తిస్తాయి. వీటిలో మొదటిదానికీ చివరిదానికీ అదనపు ఖర్చు లేదు. రెండవదానికి కావలసినది పంచాంగాన్ని, పోటుపాటుల పట్టికను, వర్షపాత వివరాలను ముందే చూసి సర్వే తేదీని నిర్ణయించడం.